డోర్ ఒక్కటే కదా చెప్పింది

కాదండీ, అర్థంకాక అడుగుతున్నా, అసలు మీకు చెప్పిందేంటి? డోర్. ఎడమ డోర్. మడతబందు దగ్గర పుల్ల విరిగింది, అతికించి ఇవ్వండి అని అక్క మీ చేతికిచ్చింది. మీరేం చేశారు? కారు మొత్తం విప్పేశారు!

గోరు తీయమంటే వేలు తీసేసే రకం మీరు.

వాయిస్ మెసేజ్ పెట్టకండి. వినను. అమ్మ పక్క గదిలో మిషన్ కుడుతోంది, మా గోడలు అప్పడాల్లాంటివి. టైప్ చేయండి. లేదా ఏమీ చేయకండి, నేను చెప్పేది చదవండి చాలు.

"నీ రివ్యూ కావాలి తమ్ముడూ, మొహమాటం లేకుండా చెప్పు" అన్నారుగా ఇందాక? చెప్తా. మొహమాటం నా ఒంట్లో ఎక్కడా లేదు. చిన్న కార్ల గ్రూపులో నన్ను రంపం అంటారు, తెలుసా? ఎవడు కొత్త డైకాస్ట్ బొమ్మకారు కొన్నా ఫోటోలు పెట్టి, రంపం ఏమంటాడో అని గుండె పట్టుకుని కూర్చుంటాడు. పదికి ఆరు దాటి ఇంతవరకు ఎవరికీ వేయలేదు. ఒకాయన నా దెబ్బకి గ్రూపులోంచే వెళ్ళిపోయాడు. పాపం, యాభై ఏళ్ళాయన.

ఇంకోటి. తమ్ముడూ అనకండి. ఒళ్ళు మండుతుంది.

మా ఇంట్లో మీ పేరేంటో తెలుసా? పళ్ళాయన. పళ్ళ సెట్లు చేసే ల్యాబ్‌లో పని అని అక్క మొదటిసారి చెప్పినప్పుడు అమ్మమ్మ, "పోన్లే, వచ్చినప్పుడల్లా నాలుగు అరటిపళ్ళైనా తెస్తాడు" అంది. అవి కాదే, కట్టుడు పళ్ళు అని చెప్తే వెంటనే నోరు తెరిచి కింద దవడ చూపించింది. ఆవిడ అప్పుడే మీ పార్టీ అయిపోయింది. బామ్మర్ది బావ బతుకు కోరతాడని సామెత ఉంది, మర్యాదగా ఉండరా అని నాకు క్లాసు కూడా పీకింది.

మర్యాదగానే ఉన్నా. "మీరు" అంటున్నా కదా?

సరే. రివ్యూ.

మజిల్ కార్ అంటే ఎలా ఉండాలి? ముందు బారెడు బానెట్, వెనక జానెడు డిక్కీ, ఎవడినో కొట్టడానికి బయల్దేరినట్టు మొహం. అసలు బండికి పద్దెనిమిదో వంతు సైజులో ఆ పొగరు రావాలి. చాలామందికి రాదు. బండి సబ్బుబిళ్ళలా తయారవుతుంది.

మొదట పెయింట్. ఇంత చిన్న బాడీ మీద రంగు కొంచెం మందంగా పడిందా, గీతలన్నీ పూడిపోతాయి. కారు దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉంటుంది. తొందరపడితే నారింజ తొక్కలా గతుకులు. అందులోనూ మీరు వేసింది నలుపు. నలుపులో తప్పు దాచడం ఎవడి తరమూ కాదు. దొరికాడ్రా అనుకున్నా. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశా.

ట్యూబ్‌లైట్ మీద కంపెనీ పేరు ఉంటుంది చూడండి, సన్నగా. అది బానెట్‌లో తిరగబడి కనిపించింది. చదవగలిగా కూడా.

ఛీ.

డోర్ సందు. కాగితం మడిచి దూర్చా. పైన ఎంత బిగువుగా వెళ్ళిందో కింద కూడా అంతే. ఫ్యాక్టరీలో చేసినప్పుడు కూడా అలా లేదు ఆ డోర్. మా కారుకి పుట్టినప్పటినుంచీ ఎడమ డోర్ కొంచెం ఎడం, ముందుపన్ను సందులాగ. అది కూడా మూసేశారు. అలవాటు కాబోలు మీకు!

హెడ్‌లైట్లు. చవక రకాలకి అద్దం మధ్యలో ప్లాస్టిక్ పుల్ల కనబడుతుంది. చచ్చిన చేప కన్నులా. మీరు ఆ పుల్ల కోసేసి, దంతాలు పోసే అదేదో సరుకుతో కొత్త అద్దాలు పోశారు. నున్నగా, లోపల సన్న గీతలతో సహా. ఎవరో పెద్దాయన నోట్లోకి వెళ్ళాల్సింది నా కారు కళ్ళల్లోకి వచ్చింది. ఆలోచిస్తేనే రోత పుడుతోంది నాకు.

పొగ గొట్టాలు తొలిచారు. పన్ను తొలిచే డ్రిల్లుతోనే కదా? హా, అనుకున్నా.

ఇంజిన్. అక్కడ ఖాయంగా దొరుకుతారనుకున్నా. ఎనిమిది ప్లగ్గులు, ఎనిమిది వైర్లు, వెంట్రుకంత సన్నం. మామూలుగా జనం ఏదో నాలుగు దారాలు అంటించి, ఇదిగో వైరింగ్ అంటారు. నేను అసలు బండి ఫోటోలు పక్కన పెట్టుకుని, ఏ వైరు ఏ ప్లగ్గుకి వెళ్తోందో ఒక్కోటి వేలుపెట్టి చూసుకుంటూ వచ్చా. ఒక్కటైనా తప్పు పెట్టకపోతాడా అని. ఆదివారం పొద్దున్నంతా అదే పని. అన్నం తినడానికి రారా అని అమ్మ మూడుసార్లు పిలిచింది.

ఎనిమిదీ కరెక్ట్.

అప్పుడు తిరగేశా. అసలు పరీక్ష అక్కడే. పైపైన అందరూ చేస్తారండీ, కింద ఎవడు చూస్తాడులే అని వదిలేస్తారు. స్క్రూలు అరిగిపోయి ఉంటాయి, గ్లూ కారి ఉంటుంది, వేలికి రంగు అంటుకుంటుంది. నాకు అవంటే పండగ. మీరు ఏం వదిలారు? స్క్రూ తల గాడిలో దుమ్ము కూడా లేదు. పెట్రోల్ ట్యాంక్ మీద చిన్న అతుకు గీత, అసలు బండికి ఉన్నట్టే. అది ఎవరు చూస్తారని పెట్టారండీ? ఏ పిచ్చోడు బండి తిరగేసి పెట్రోల్ ట్యాంక్ చూస్తాడు?

నేను చూశా. అది వేరే విషయం.

పదికి తొమ్మిదిన్నర. రాస్తుంటే వేళ్ళకి కంపరంగా ఉంది. ఆ అర మార్కు కూడా ఊరికే, పూర్తిగా ఇవ్వడం చేతకాక కోశా.

ఏంటా నవ్వే బొమ్మ? తీసేయండి. మిమ్మల్ని పొగుడుతున్నానా? ఇంత చదివి మీకు అర్థమైంది ఇదేనా?

ఆ కారు ఎలా వచ్చిందో అక్క చెప్పిందా మీకు? చెప్పి ఉండదు.

నాకు ఏడేళ్ళు. మెట్ల మీద పడి కాలు విరిగింది. తుంటి దాకా కట్టు, ఆరు వారాలు మంచం. అక్కకి అప్పుడు నా ఇప్పటి వయసు, పదిహేడు. కాలేజీలో వ్యాసాల పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి మంచి నిఘంటువు, దానికోసమే రాసింది తను. రెండోది ఈ కారు. ఆడపిల్లకి కారిచ్చారని ఏడుస్తూ ఇంటికొచ్చి నా మంచం మీద విసిరేసింది. కట్టు మీద పడింది. టంగుమంది.

నల్ల కారు. బంగారు చార. మీరు ఎక్కడో వెతికి పట్టుకుని మళ్ళీ వేశారే, ఆ చార.

నాకు నలుపు నచ్చలేదు. అంబులెన్స్ రంగు కావాలన్నా. తెల్ల రంగు ఇంట్లో లేదు, అక్క దగ్గర మెరూన్ గోళ్ళ రంగు ఉంది. ఇద్దరం కూర్చుని రెండు సీసాలు పూశాం. బ్రష్షు ఎంత ఉంటుందో తెలుసుగా, చిటికెన వేలి గోరంత. నాలుగు రోజులు పట్టింది. నేను డోర్లు, తను పైకప్పు, బానెట్. చార మాత్రం రాతలో తప్పులు కొట్టేసే తెల్ల ఇంకుతో. వంకర. ఎంత వంకరంటే, మధ్యలో నేను తుమ్మా.

ఆ ఆరు వారాలు అమ్మ రెండు షిఫ్టులు చేసేది. అమ్మమ్మ అప్పటికింకా మా దగ్గరికి రాలేదు, ఇంట్లో మేమిద్దరమే. పొద్దున్న నాకు పళ్ళు తోమించి, అన్నం గిన్నె పక్కన పెట్టి, కాలేజీకి వెళ్ళి, మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చేది. రంగు మీద రంగు పూసేటప్పుడు మొదటిది ఆరిందా లేదా అని పైకప్పు మీద వేలు పెట్టింది. ఆరలేదు. బొటనవేలి ముద్ర పడిపోయింది. సరిచేస్తానంది. నేను వద్దన్నా. ఎందుకన్నానో గుర్తులేదు, వద్దని ఏడ్చా. ఉంచేసింది.

పదేళ్ళు ఉందండీ ఆ ముద్ర. గీతలన్నీ లెక్కపెట్టొచ్చు.

మీరేం చేశారు? పెయింట్ రిమూవర్‌లో ముంచారు. ఎంతసేపు? రాత్రంతా నానబెట్టానన్నారు కదా అమ్మతో, పెద్ద గొప్పగా. పొద్దున్నకి మొత్తం ముద్దలా ఊడొచ్చింది, బ్రష్షుతో కడిగేశా అన్నారు. "ఎవరో చిన్నపిల్లలు గోళ్ళ రంగు పులిమేశారండీ" అని నవ్వారు. సోఫాలో కూర్చుని. నేను ఎదురుగా ఉన్నా.

ఆ చిన్నపిల్లలు ఎవరనుకున్నారు?

మళ్ళీ టైపింగ్ అని వస్తోంది, పోతోంది. ఏదో ఒకటి తేల్చుకోండి.

తెలీదా. తెలీదు, సరే. మీకెలా తెలుస్తుంది. మీ తప్పు అని నేను అన్నానా? అన్నాననుకోండి. ఇప్పుడు ఆ మాటకొస్తే ఇంకోటి చెప్పాలి.

అక్కకే గుర్తులేదు.

మీరు పెట్టె మీద గుడ్డ తీసినప్పుడు తను చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఎంత బాగుందో! కొత్తదానిలా ఉంది, చూడరా" అంది. చూశా. తన మొహం చూశా, ఇప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు అంటుంది అని. ఏమీ లేదు. పైకప్పు మీద అదే బొటనవేలు ఆనించి నిమిరింది కూడా. నున్నగా ఉందని మురిసిపోయింది.

ఛీ. అప్పుడు మీ మీద వచ్చిందండీ కోపం, తన మీద రావాల్సింది.

హా, ఇప్పుడు అసలు విషయం. మంగళవారం నుంచి అక్క మీ ఫోన్ ఎత్తట్లేదు. అందుకే కదా నాకు మెసేజ్ పెట్టారు? రివ్యూ కావాలి, గివ్యూ కావాలి అని. నాకు తెలీదనుకున్నారా. నాలుగు రోజులు. మీరేం తప్పు చేశారో మీకు అర్థంకావట్లేదు. నిద్ర పట్టట్లేదేమో కూడా. ఇవాళ ఎవరికో పై దవడకి కింద దవడ సెట్టు చేసి ఉంటారు.

మీరేం చేయలేదు.

ఆగండి. మధ్యలో అడక్కండి, అడిగితే ఆపేస్తా, ఆపితే మళ్ళీ చెప్పలేను.

అక్క కళ్ళద్దాల ఫ్యాక్టరీలో చెకింగ్ అని తెలుసుగా. అక్కడ రూలు ఏంటో తెలుసా? అద్దం మీద గీత పడితే ఎవరూ ఏమనరు, తీసి పక్కన పెడతారు. కానీ గీత మీద పాలిష్ రుద్ది, దాచి ముందుకి పంపితే, ఆ మనిషిని సాయంత్రానికల్లా ఇంటికి పంపించేస్తారు. అక్క ఇంట్లో కూడా అంతే. తప్పు చేస్తే తిట్టి వదిలేస్తుంది. దాస్తే మాట్లాడదు. తొమ్మిదో క్లాసులో నేను మార్కుల కాగితం దాచా. తొమ్మిది రోజులు! ఒకే గదిలో ఉండి తొమ్మిది రోజులు నేను గాల్లో కలిసిపోయినట్టు తిరిగింది.

కాబట్టి ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు.

మీరు అందరి ముందూ ఏమన్నారు? "పాత రంగు మీద రంగు వేయలేదండీ, లోహం కనపడేదాకా మొత్తం తీసేసి అప్పుడు వేశా" అన్నారు. అక్కకి ఆ మాటే నచ్చింది. మీరు వెళ్ళాక అమ్మతో కూడా అంది, పని అంటే అలా చేయాలి, అడుగుదాకా వెళ్ళాలి అని.

మంగళవారం అక్క డ్యూటీకి వెళ్ళాక బానెట్ ఎత్తి, లోపలి అంచు దగ్గర బ్లేడుతో గీకా. మీ నలుపు ఊడిరావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కింద ఏముంది? తెల్లటి లోహం. నిజమే చెప్పారు. అక్కడైనా అబద్ధం ఆడి ఉంటే ఎంత బావుండేది!

కింద షాపుకెళ్ళి మెరూన్ గోళ్ళ రంగు తెచ్చా. షాపామె "ఎవరికి బాబూ" అంటే కాలేజీలో నాటకం అన్నా. ఆ గీకిన చోట అగ్గిపుల్లతో కొంచెం పూశా. ఆరాక అంచులు నల్ల మార్కర్‌తో కలిపేశా. గోరంత మచ్చ. నల్ల రంగు పెచ్చు లేస్తే అడుగున పాత మెరూన్ కనబడుతున్నట్టు.

సాయంత్రం అక్క రాగానే చూపించా. "చూడవే, మీ పళ్ళాయన లోహం దాకా తీశానన్నాడు, పాతదాని మీదే పూసి పడేశాడు. ఎవడు చూస్తాడులే అనుకున్నాడు" అన్నా. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నా నోట్లోంచి! రంపాన్ని కదా.

తను నమ్మింది. రోజుకి వెయ్యి అద్దాలు చూసే మనిషి. భూతద్దం తీసి దగ్గరగా చూడొచ్చు, చూస్తే మార్కర్ గీత దొరికిపోయేది. చూడలేదు. నేను చెప్పాను కాబట్టి చూడలేదు. "ఓహో" అంది. బ్యాగు పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

ఆ రోజు రాత్రి తినలేదు. బుధవారం అమ్మ అడిగితే, "చేయని పని చేశానని నవ్వుతూ చెప్పే మనిషమ్మా, రేపు ఇంకేం చెప్తాడో" అంది. రేపు పదకొండింటికి మీ అమ్మగారికి అమ్మ ఫోన్ చేస్తుంది. ఈ సంబంధం వద్దని చెప్పడానికి. ఎలా చెప్పాలో కాగితం మీద రాసుకుంటోంది, నేను చూశా. "మీ అబ్బాయి మంచివాడే కానీ" అని మొదలుపెట్టింది. "కానీ" తర్వాత మూడుసార్లు కొట్టేసింది.

అదండీ.

తిట్టండి. నాకు తిట్లు కొత్త కాదు, గ్రూపులో రోజూ పడుతుంటా.

సారీయా?

మీరెందుకండీ సారీ చెప్తున్నారు! పిచ్చా మీకు? నేను మీ పనిమీద గోళ్ళ రంగు పూసి మీ పెళ్ళి చెడగొడితే మీరు నాకు సారీ ఏంటి? వేలిముద్ర సంగతి అడిగి ఉండాల్సిందా? ఎవరు అడుగుతారండీ ఒక బొమ్మ కారు గురించి. అబ్బ, మీలాంటి వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. కొట్టడానికి ఎక్కడా సందు ఉండదు.

ఇంత మంచోళ్ళైతే డోర్ ఒక్కటే చేసి ఇవ్వొచ్చు కదా అసలు!

నన్ను చూస్తే నాకు ఇంకా అసహ్యంగా ఉంది, అది మీకు చెప్పను. చెప్పేశానా? సరే.

వద్దు. మీరు వచ్చి తనకి చెప్పొద్దు. "తమ్ముణ్ణి ఏమనకు" అని మధ్యవర్తిత్వం అస్సలు వద్దు, అదైతే నేను కిటికీలోంచి దూకుతా. మొదటి అంతస్తే, కాలే విరుగుద్ది, కంగారుపడకండి. నోటితో నేనూ చెప్పలేను. మొదలుపెడితే తను కళ్ళలోకి చూస్తుంది, నేను ఏదో జోకు వేస్తా, మాట పక్కకి పోతుంది. నాకు తెలుసు నా సంగతి.

అందుకే ఇదంతా ఇక్కడ టైప్ చేశా. మీకోసం అనుకున్నారా? మీకోసం కూడా. కొంచెం.

అక్క స్నానం అయిపోయింది, తలకి తువ్వాలు చుట్టుకుని వస్తోంది. ఫోన్ తన చేతికిచ్చేస్తున్నా. మొదట్నుంచి చదువుతుంది, ఆ కాలు విరిగిన సంగతీ, నేను ఏడ్చిన సంగతీ అంతా. చదవనీ. ఏం చేస్తాం.

మీరు మధ్యలో ఏమీ పంపకండి. తను నెమ్మదిగా చదువుతుంది, చెకింగ్ మనిషి కదా, ఒక్క లైను కూడా వదలదు. చదివాక మీకు ఫోన్ చేస్తుంది. ఎత్తండి. నాతో ఎన్ని రోజులు మాట్లాడదో అది నేను చూసుకుంటా. ఈసారి తొమ్మిదితో ఆగదు లెండి.